వాల్‌మార్ట్ జర్మనీలో ఎందుకు నిలవలేదు, ఆల్డీ అమెరికాలో ఎలా నిలిచింది?

ఓరుగల్లు విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను ఎం.కాం. రెండో సంవత్సరం చదువుతున్నాను. పెద్ద సూపర్‌మార్కెట్లూ, సబ్బుల నుంచి శీతల పానీయాల వరకు అమ్మే కంపెనీలూ పరాయి దేశాల్లో ఎలా పోటీపడతాయన్న అంశంపై నేను వ్యాసం సమర్పించాలి. పాఠ్యపుస్తకం చదివితే లెక్క చాలా తేలికగా కనిపిస్తుంది. ఎక్కువ కొనేవాడికి సరుకు చవకగా దొరుకుతుంది, చవకగా కొన్నవాడు చవకగా అమ్ముతాడు, చవకగా అమ్మినవాడి దగ్గరికే జనం పోతారు. అదే నిజమైతే ప్రపంచంలోకెల్లా పెద్ద చిల్లర వర్తక సంస్థ అయిన వాల్‌మార్ట్ 1997లో జర్మనీలో అడుగుపెట్టి, 2006లో తన 85 దుకాణాలను మెట్రో సంస్థకు అమ్మేసి, సుమారు వంద కోట్ల డాలర్ల నష్టంతో ఎందుకు వెనుదిరిగింది? అదే జర్మనీ నుంచి వెళ్లిన ఆల్డీ 1976లో అయోవా రాష్ట్రంలో మొదలుపెట్టి, ఇప్పుడు అమెరికాలో రెండు వేలకు పైగా దుకాణాలు ఎలా నడపగలుగుతోంది? అక్కడ ఉంటున్నవారూ, ఈ వ్యాపారంలో చేయి పెట్టినవారూ వివరిస్తే రుణపడి ఉంటాను.

రూర్ తీరవాసి

విద్యార్థి గారూ, నేను 2001లో చదువు కోసం జర్మనీకి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. ఆల్డీ పుట్టిన ఎస్సెన్ నగరం మా ఇంటికి లోకల్ రైల్లో ఇరవై నిమిషాల దూరం. వచ్చిన కొత్తలో వారానికోసారి వాల్‌మార్ట్‌కూ, మిగిలిన రోజుల్లో ఆల్డీకీ వెళ్లేవాడిని కనుక రెండింటినీ కళ్లారా చూశాను.

వాల్‌మార్ట్ ఇక్కడ సొంతంగా దుకాణాలు కట్టుకుంటూ రాలేదు. 1997 చివర్లో వెర్ట్‌కౌఫ్ అనే సంస్థకున్న 21 దుకాణాలను, మరుసటి ఏడాది ఇంటర్‌స్పార్ పేరుతో నడుస్తున్న 74 దుకాణాలను కొనుక్కుంది. మొదటివి మంచివే కాని, రెండోవాటిలో చాలా వరకు పాతబడిపోయినవి, దేశంలో తలో మూలనా ఉన్నవి. పగ్గాలు పట్టుకోవడానికి అమెరికా నుంచి పంపిన తొలి అధిపతికి జర్మన్ భాష రాకపోవడంతో అధికారుల మంతనాలన్నీ ఇంగ్లీషులోకి మారాయి. ఇక దుకాణంలో, గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవారినల్లా నవ్వుతూ పలకరించే మనిషి ఒకరు, బిల్లు అయ్యాక మన సామాను సంచిలో సర్దిపెట్టే మనిషి మరొకరు ఉండేవారు. మనకైతే అది మర్యాదగానే తోస్తుంది. ఇక్కడివారికి మాత్రం ముక్కూమొహం తెలియని మనిషి ఊరికే నవ్వితే ఏదో అంటగట్టబోతున్నాడన్న అనుమానం వస్తుంది. డబ్బిచ్చి కొన్న గుడ్ల మీద పరాయి చెయ్యి పడడం అసలే గిట్టదు. పైగా ఆ ఇద్దరి జీతమూ తాము కొన్న సరుకు ధరలోనే కలిసి ఉంటుందన్న లెక్క ఇక్కడ ప్రతి ఇల్లాలికీ తెలుసు.

ఆల్డీలో బిల్లు వేసే ఆమె కూర్చునే ఉంటుంది. సొంత సరుకు ప్యాకెట్ల మీద బార్‌కోడ్‌ను ఒక మూల చిన్నగా వేయకుండా, పొడుగ్గా, రెండు మూడు వైపులా ముద్రిస్తారు కనుక ఆమె ఏ వైపు తిప్పినా యంత్రం చదివేస్తుంది. సామాను ఆమె చేతి కింద నుంచి బండిలోకి జారిపోతూనే ఉంటుంది. సంచిలో సర్దుకోవడం వెనకనున్న బల్ల దగ్గర మన పని. నాణెం వేస్తేగాని బండి గొలుసు ఊడదు, బండిని తిరిగి చేర్చితేగాని నాణెం రాదు, అందువల్ల బండ్లు ఏరుకొచ్చేందుకు వేరే జీతగాడు అక్కర్లేదు. లారీలో వచ్చిన అట్టపెట్టె ముందుభాగం చించి, ఆ పెట్టెతోనే అరలో పెడతారు.

అసలు రహస్యం దీని తర్వాత ఉంది. ఆల్డీలో మొత్తం సరుకు రకాలు సుమారు 1,500 నుంచి 2,000. మామూలు అమెరికా సూపర్‌మార్కెట్‌లో 30,000 దాకా ఉంటాయి. టమాటా గుజ్జు ఒకటో రెండో రకాలు, అవి కూడా తన పేరుతో చేయించుకున్నవే. దేశమంతటా ఉన్న వేల దుకాణాల అమ్మకం ఆ ఒక్క డబ్బా మీదే పడుతుంది. సంస్థ మొత్తంగా వాల్‌మార్ట్ ఎంత పెద్దదైనా, జర్మనీలో టమాటా గుజ్జు కొనే దగ్గరికి వచ్చేసరికి ఆల్డీ ముందు అది చిన్న బేరగాడే. మీ పుస్తకంలోని సూత్రం తప్పు కాదు. ఏ పరిమాణాన్ని లెక్కపెట్టాలో అందులో చెప్పలేదంతే.

ఇంకొక్క మాట. 2000 సెప్టెంబరులో ఇక్కడి కార్టెల్ కార్యాలయం (వ్యాపారంలో పోటీ సక్రమంగా సాగేలా చూసే ప్రభుత్వ సంస్థ), పాలు, వెన్న వంటి నిత్యావసరాలను కొన్న ధర కంటే తక్కువకు అమ్ముతున్నారంటూ వాల్‌మార్ట్‌నూ, ఆల్డీ నార్డ్‌నూ, ఇక్కడి మరో చవక దుకాణాల సంస్థ లిడిల్‌నూ ధరలు పెంచమని ఆదేశించింది. నష్టానికి అమ్మి అయినా జనాన్ని రాబట్టుకుందామన్న దారి కూడా అలా మూసుకుపోయింది. (ఆల్డీ నార్డ్ అన్నానని రెండు ఆల్డీలేమిటని అడగవచ్చు. దుకాణంలో సిగరెట్లు అమ్మాలా వద్దా అన్న తగాదాతో 1960 ప్రాంతంలో అన్నదమ్ములిద్దరూ దేశాన్ని ఉత్తరం, దక్షిణంగా పంచుకున్నారని ఇక్కడ చెప్పుకుంటారు. అమెరికాలో ఆల్డీ పేరుతో ఉన్నది దక్షిణపు వాటా. ఉత్తరపు వాటావారిది అక్కడ ట్రేడర్ జోస్.)

అర్థశాస్త్రం మాస్టారు

తీరవాసి గారి వివరణ బాగుంది. దీనికి దక్షిణ కొరియాను జోడిస్తే మన విద్యార్థికి ఉపయోగపడుతుంది. 2006లోనే వాల్‌మార్ట్ అక్కడి 16 దుకాణాలను షిన్‌సెగే సంస్థకు అమ్మేసింది; అదే ఏడాది ఫ్రాన్సుకు చెందిన కార్ఫూర్ కూడా కొరియా వదిలివెళ్లింది. వాల్‌మార్ట్ గిడ్డంగిలాంటి దుకాణాన్ని పెట్టి, ఎత్తైన అరల్లో పెట్టెల కొద్దీ సరుకు పేర్చింది. చిన్న అపార్ట్‌మెంటులో ఉంటూ, రెండు రోజులకోసారి తాజా చేపలు, ఆకుకూరలు ఎంచుకుని కొనే గృహిణికి ఆ దుకాణం దేనికి పనికొస్తుంది? స్థానిక ఈ-మార్ట్ ఆ అవసరానికి తగ్గట్టు తాజా సరుకును ముందు పెట్టింది.

అయితే పరాయి సంస్థలన్నీ ఓడాయనుకోవద్దు. బ్రిటన్‌కు చెందిన టెస్కో 1999లో శామ్‌సంగ్‌తో కలిసి హోమ్‌ప్లస్‌లో అడుగుపెట్టి, నిర్వహణను చాలావరకు కొరియన్ల చేతికే వదిలి, దేశంలో రెండో స్థానానికి చేరింది. 2015లో స్వదేశంలో చిక్కుల్లో పడి, దాన్ని మంచి ధరకు అమ్ముకుంది. అదే టెస్కో 2007లో అమెరికా పశ్చిమ ప్రాంతంలో ఫ్రెష్ అండ్ ఈజీ పేరుతో దుకాణాలు తెరిచింది. కూరగాయలను ముందే ప్యాకెట్లలో బిగించి పెట్టింది, బిల్లు కూడా కొనేవాళ్లనే వేసుకోమంది. 2013 నాటికి చేతులెత్తేసింది. సంస్థ ఒకటే, డబ్బు సంచి ఒకటే, ఫలితాలు మాత్రం రెండు. కాబట్టి "అమెరికన్లకు పరాయి దేశాలు తెలియవు" వంటి తేలిక తీర్పులు వ్యాసంలో రాయవద్దని నా సలహా.

బెజవాడ స్టాకిస్టు

మాస్టారికీ, తీరవాసి గారికీ నమస్కారం. మీ ఇద్దరూ కొట్టుకూ కొట్టుకూ మధ్య పోటీ గురించి చెప్పారు. ఇరవై ఆరేళ్లుగా సబ్బులు, పేస్టులు, బిస్కట్లు పంపిణీ చేస్తున్నవాడిగా నాకు కనిపించేది వేరే యుద్ధం: కొట్టుకూ, అందులో అమ్ముడుపోయే కంపెనీకీ మధ్య జరిగేది. అరలు ఉన్నవి కొన్నే, వాటిలో కంటి ఎత్తున ఉండే అర ఒక్కటే. అది ఎవరిదన్నదే తగువంతా.

2016 అక్టోబరులో బ్రిటన్‌లో జరిగింది చూడండి. యూరప్ నుంచి విడిపోవాలన్న ఓటింగు తర్వాత పౌండు పడిపోయింది కాబట్టి ధరలు పది శాతం దాకా పెంచాలని యూనిలీవర్ అడిగింది, టెస్కో ఒప్పుకోలేదు. సరుకు ఆగి, మార్మైట్ అనే, రొట్టె మీద పూసుకునే నల్లటి లేహ్యం ఆన్‌లైన్‌లో దొరక్కుండా పోయేసరికి ఊరూవాడా గోల. ఒక్క రోజులో రాజీ కుదిరింది. 2024 జనవరిలో ఫ్రాన్సులో కార్ఫూర్ మరో అడుగు ముందుకేసి, పెప్సీకో అడిగిన ధరల పెంపు ఆమోదయోగ్యం కాదు కాబట్టి ఈ సరుకు అమ్మడం లేదని అరల మీద కాగితాలే అంటించింది. పెప్సీ, లేస్, డోరిటోస్ అన్నీ నాలుగు దేశాల్లో ఆగిపోయాయి. మళ్లీ ఏప్రిల్‌కుగాని అవి అరలకు ఎక్కలేదు.

మా దగ్గర ఆ కాగితం అంటించే ధైర్యం ఎవరికుంది? నేను పనిచేసిన ఒక కంపెనీ (పేరు అనవసరం) పాడైన సరుకు తాలూకు క్లెయిము పద్నాలుగు నెలలు నాన్చింది. ఎలుకలు కొరికిన బిస్కట్ పెట్టెల మీద ఒక్కోదానికీ ఫొటో తీసి పంపమన్నారు. పంపితే, తారీఖు కనిపించేలా మళ్లీ తీయమన్నారు. అప్పటికి పెట్టెలే లేవు. అదే కంపెనీ, పెద్ద సూపర్‌మార్కెట్ల దగ్గర పాడైన సరుకుకు ముందే శాతం లెక్కన కోసి ఇచ్చేస్తుంది. 2021 చివర్లో దేశవ్యాప్త పంపిణీదారుల సమాఖ్య కంపెనీలకు రాసిన లేఖలోని ఫిర్యాదు కూడా ఇలాంటిదే: మా దారిన పోయే సరుకుకు ఒక ధర, పెద్ద టోకు సంస్థలకూ ఆన్‌లైన్ వేదికలకూ అంతకంటే తక్కువ ధర ఏమిటని.

ఓరుగల్లు విద్యార్థి

స్టాకిస్టు గారూ, చాలా ఉపయోగపడింది. అయితే అలాంటి పంతం వచ్చినప్పుడు ముందు ఎవరు దిగివస్తారన్నది దేన్నిబట్టి తేలుతుంది?

బెజవాడ స్టాకిస్టు

దానికి పుస్తకం అక్కర్లేదు బాబూ, మా సేల్స్‌మన్‌ను అడిగినా చెబుతాడు. అడిగిన సరుకు లేదంటే మనిషి పక్క సరుకు కొంటాడా, పక్క కొట్టుకు పోతాడా అన్నదే లెక్క. సరుకు మారిస్తే కంపెనీ దిగివస్తుంది, కొట్టు మారిస్తే కొట్టువాడు దిగివస్తాడు. అగ్గిపెట్టె విషయంలో ఎవరూ కొట్టు మారరు. పసిపిల్లల పాలపొడి విషయంలో వానలో అయినా రెండో వీధికి పోతారు.

రూర్ తీరవాసి

స్టాకిస్టు గారు చెప్పిన కొలబద్ద సరైనదే. అందుకే ఇక్కడి దుకాణాలు పోరాటాన్ని దేశం సరిహద్దు దాటించాయి. వేర్వేరు దేశాల సూపర్‌మార్కెట్లు కూటములుగా ఏర్పడి, బహుళజాతి కంపెనీలతో ఒక్క గొంతుతో బేరం ఆడుతున్నాయి. దానికి కారణం ఉంది. ఒకే కర్మాగారంలో తయారైన ఒకే చాక్లెట్‌ను కంపెనీ పక్కపక్క దేశాల్లో వేర్వేరు ధరలకు అమ్ముతుంది. చవకగా ఉన్న దేశంలో కొని తెచ్చుకుందామంటే టోకువర్తకులను రకరకాలుగా అడ్డుకుంటుంది. ఈ అడ్డుకోవడం మీదే 2024 మేలో ఐరోపా కమిషన్ చాక్లెట్ల కంపెనీ మోండెలీజ్‌కు 33.75 కోట్ల యూరోల జరిమానా వేసింది. అంతకు ఐదేళ్ల ముందు, 2019లో, జూపిలేర్ బీరు నెదర్లాండ్స్ నుంచి బెల్జియంలోకి చవకగా రాకుండా చేసినందుకు దాన్ని తయారుచేసే ఏబీ ఇన్‌బెవ్‌కు 20 కోట్ల యూరోలు పడింది. జరిమానాకు దారితీసిన ఒక ఎత్తుగడ నాకు మరీ నవ్వు తెప్పించింది: నెదర్లాండ్స్‌కు వెళ్లే డబ్బాల మీద ఫ్రెంచి అక్షరాలు తీసేశారు, బెల్జియంలో వాటిని అమ్మడం కష్టం కావాలని.

టెక్సాస్ తెలుగింటి ఆడపడుచు

ఇంతవరకు ఎవరూ ముట్టుకోని సంగతి ఒకటి ఉంది. కొట్టువాడే కంపెనీగా మారిపోతే అప్పుడేమిటి? కాస్ట్‌కో 1995లో కిర్క్‌లాండ్ సిగ్నేచర్ అన్న సొంత పేరు మొదలుపెట్టింది. మా ఇంట్లో బాదం పప్పు నుంచి వంటనూనె, చేతులు తుడుచుకునే కాగితం వరకు సగం సామాను మీద ఆ పేరే ఉంటుంది. ఆల్డీలాగే అక్కడా రకాలు తక్కువ, సుమారు నాలుగు వేలు. కొన్న ధర మీద దాదాపు 15 శాతానికి మించి వేసుకోరు. లాభంలో పెద్ద భాగం మనం ఏటా కట్టే సభ్యత్వ రుసుము నుంచే వస్తుంది. దానివల్ల అడిగిన కంపెనీ సరుకు లేకపోయినా నేను కొట్టు మారను. ముందే డబ్బు కట్టి ఉన్నాను కదా, వేరే కొట్టుకు పోతే ఆ డబ్బు నాకే దండగ. స్టాకిస్టు అన్నయ్యగారి కొలబద్దను కాస్ట్‌కో అలా తనవైపు వంచేసుకుంది.

అయితే నేను కొట్టు మారే సరుకు ఒకటుంది. 2023 జులైలో భారత ప్రభుత్వం బాస్మతియేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించిందని తెలిసిన రోజు, మా ఊళ్లోని భారతీయ దుకాణం ముందు బండ్లు నిలిపే చోటు లేకపోయింది. కుటుంబానికి ఒక్క బస్తా అని బోర్డు పెట్టారు. పక్కనే ఉన్న పెద్ద సూపర్‌మార్కెట్‌లో థాయ్ బియ్యం, బాస్మతి గుట్టలుగా ఉన్నా సోనా మసూరి కోసం గంటసేపు వరుసలో నిలబడ్డాం. అంత పెద్ద సంస్థలు ఉన్న ఈ దేశంలో పచారీ సామాన్ల చిన్న దుకాణాలు బతుకుతున్నది ఆ ఒక్క బస్తా బలంతోనే అనిపించింది.

ఉండి చెరువుగట్టు

నమస్కారం. మాది భీమవరం దగ్గర. పదకొండేళ్లుగా వనామీ రొయ్యలు సాగు చేస్తున్నాను. ఇక్కడ అందరూ కొట్టు, కంపెనీ అంటున్నారు. వారిద్దరి వెనక సరుకు పుట్టించేవాడి స్థానం నుంచి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

మన దేశంలో వనామీకి అనుమతి వచ్చింది 2009లో. ఆ తర్వాత కొన్నేళ్లకే అమెరికాకు రొయ్యలు పంపే దేశాల్లో మనం ముందు వరుసలోకి వెళ్లాం, అందులో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే. కానీ అమెరికాలో ఏ ఇంట్లో అయినా ఆంధ్రా రొయ్య అన్న పేరు విన్నారా? వినరు. ప్రాసెసింగ్ ప్లాంటులో తల తీసి, తోలు వలిచి, గడ్డకట్టించి, అక్కడి సూపర్‌మార్కెట్ పేరు అచ్చేసిన సంచిలో నింపి కంటెయినర్‌కు ఎక్కిస్తారు. మా దగ్గర పట్టుబడి రోజున 40 కౌంటు అంటే కిలోకు 40 రొయ్యలు, తలతో సహా. అదే రొయ్య అక్కడి సంచి మీద ఇంచుమించు 26-30 అవుతుంది, అది పౌండుకు, తల తీశాక. కౌంటు మారిపోతుంది, తూకం మారిపోతుంది, చివరికి పేరు కూడా మారిపోతుంది.

ఇక షరతుల విషయం. పెద్ద సూపర్‌మార్కెట్లకు నక్షత్రాల ధ్రువీకరణ కావాలి: రొయ్య పిల్లలను పుట్టించే హేచరీకి ఒకటి, మేత తయారీకి ఒకటి, చెరువుకు ఒకటి, ప్లాంటుకు ఒకటి, మొత్తం నాలుగు. ఆ నక్షత్రాలు సంచి మీద ఉంటాయి, వాటి కోసం రాసే పుస్తకాలు, పరీక్షల ఖర్చు మా మీద ఉంటాయి. నాణ్యత పెరిగిందనడంలో సందేహం లేదు, యాంటీబయాటిక్ అవశేషాల గొడవ మునుపటికంటే తగ్గడానికి ఆ రాతకోతలే కారణమని నేనే ఒప్పుకుంటాను. కానీ పెరిగిన నాణ్యతకు పేరు వచ్చింది సంచి మీదున్నవారికి.

2025 ఆగస్టు 27న భారత సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఈ సంగతి మాకు బాగా తెలిసివచ్చింది. మాకంటూ అక్కడ ఒక పేరు ఉండి ఉంటే, అడిగి కొనుక్కునేవాళ్లు ఉండి ఉంటే, ఆ భారంలో కొంత కొట్టువాడు మోసేవాడేమో. కొనేవారికి మేమెవరమో తెలియదు కనుక భారం మొత్తం వెనక్కు దొర్లుకుంటూ చెరువుగట్టు దాకా వచ్చి ఆగింది.

అర్థశాస్త్రం మాస్టారు

చెరువుగట్టు గారి మాట మన చర్చలో ఇంతవరకు లేని కోణం. అయినా ఒక్క విషయంలో విభేదిస్తాను. పేరు ఉన్నంత మాత్రాన కాపాడుతుందనుకోకూడదు. 1980ల్లో హిందుస్థాన్ లీవర్‌కు సర్ఫ్ అన్న గొప్ప పేరు ఉంది. గుజరాత్‌లో ఇంటి పెరట్లో మొదలైన నిర్మా, ఆ ధరలో చిన్న భాగానికే పొడి అమ్మి, కిందనుంచి మార్కెట్టును తొలుచుకుంటూ వచ్చింది. లీవర్ సర్ఫ్ ధర తగ్గించలేదు. చవక పొడిగా వీల్‌ను దింపి, దానికి వేరే తయారీ, వేరే పంపిణీ ఏర్పాటు చేసింది. ఇక్కడ నేర్చుకున్న పాఠాన్నే దాని మాతృసంస్థ యూనిలీవర్ 1996లో బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలోని పేద కుటుంబాల కోసం ఆలా అన్న పొడి తెచ్చినప్పుడు వాడుకుంది. బహుళజాతి కంపెనీ బలం దాని పేరులో కంటే, ఒక దేశంలో తిన్న దెబ్బను మరో దేశంలో పెట్టుబడిగా వాడుకోవడంలో ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

బెజవాడ స్టాకిస్టు

మాస్టారూ, పేరు కాపాడిన సందర్భం మా ముంగిట్లోనే ఉంది. 1977లో కోకా-కోలా దేశం విడిచిపోయాక వచ్చిన థమ్స్ అప్‌ను, 1993లో తిరిగివచ్చిన కోకా-కోలాయే కొనేసింది. కొన్నవాడు దాన్ని పక్కకు నెట్టి తన సీసానే ముందుకు తోద్దామని చూసినా, జనం వదల్లేదు. మన ఆంధ్రలో అయితే మరీను. ఎండాకాలం మధ్యాహ్నం బిర్యానీ పొట్లంతో పాటు "చల్లటి థమ్స్ అప్" అని అడుగుతారు గాని కోలా అని అడిగినవాడు నాకు కనబడలేదు. చివరికి 2021లో అది వంద కోట్ల డాలర్ల అమ్మకాల బ్రాండు అయిందని కోకా-కోలాయే ప్రకటించుకుంది.

ఇప్పుడు రెండో అంకం చూడండి. 2022లో రిలయన్స్ పాత కోలా పానీయం కాంపా పేరును 22 కోట్ల రూపాయలకు కొని, 2023 మార్చిలో దాన్ని మళ్లీ విడుదల చేసినప్పుడు మొదట దించింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. థమ్స్ అప్ కంచుకోటలోనే ఎందుకు దించారని మేమంతా వింతగా చెప్పుకున్నాం. 200 మిల్లీలీటర్లు పది రూపాయలు, కొట్టువాడికి మిగిలేది అవతలివాళ్ల కంటే ఎక్కువ. ఇక్కడ కంపెనీ, టోకు, చిల్లర కొట్టు మూడూ ఒక్కడి చేతిలోనే ఉన్నాయి. మా వీధి చివర కిరాణా ఆయన ఫ్రిజ్‌లో పై అరలో థమ్స్ అప్ ఉండేది; ఇప్పుడు అక్కడ కాంపా ఉంది, థమ్స్ అప్ మోకాలి ఎత్తుకు దిగింది. అయినా అడిగేవాళ్లు వంగి తీసుకుంటున్నారు. ఎన్నాళ్లు వంగుతారో చూడాలి.

ఓరుగల్లు విద్యార్థి

ఒక చివరి సందేహం. కార్ఫూర్ 2010లో ఢిల్లీలో టోకు దుకాణం తెరిచి 2014లో వెళ్లిపోయింది. మెట్రో 2003 నుంచి ఉండి, తన భారతీయ వ్యాపారాన్ని 2,850 కోట్లకు రిలయన్స్‌కు అమ్మేసింది. జర్మనీలో, కొరియాలో పనిచేసిన కారణాలే ఇక్కడా పనిచేశాయా?

అర్థశాస్త్రం మాస్టారు

పాక్షికంగా మాత్రమే. ఇక్కడ వారిని నేరుగా ఇంటివారికి అమ్మనివ్వలేదు. కొట్లవాళ్లకు అమ్మే టోకు వ్యాపారానికే అనుమతి. 2012లో చిల్లర వర్తకంలో 51 శాతం వరకు విదేశీ పెట్టుబడికి దారి తెరిచినా, ఒప్పుకోవాలా వద్దా అన్నది రాష్ట్రాలకు వదిలేశారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒప్పుకున్న రాష్ట్రాల్లో ఒకటి. అయినా కఠినమైన షరతులు, ప్రభుత్వం మారితే నిర్ణయమూ మారుతుందన్న భయం కలిసి ఎవరినీ పెద్దగా రానివ్వలేదు. వాల్‌మార్ట్ చివరికి 2018లో ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటాను 1,600 కోట్ల డాలర్లకు కొని, దుకాణం తలుపు బదులు ఫోను తెరలోంచి లోపలికి వచ్చింది.

ఇదే కాలంలో చట్టం అడ్డులేని స్వదేశీ సంస్థలు ఏం చేశాయన్నది కూడా రాయండి. హైదరాబాదులో పుట్టిన త్రినేత్రను 2007లో ఆదిత్య బిర్లా సంస్థ కొని, ఆ దుకాణాలను మోర్‌గా మార్చింది. ముంబయి పొవాయిలో 2002లో మొదలైన డీమార్ట్ చాలావరకు స్థలాలు తానే కొనుక్కుని, సరఫరాదారులకు డబ్బు త్వరగా చెల్లించి, బదులుగా ధర తగ్గించుకుంటూ ఎదిగింది. స్టాకిస్టు గారి పద్నాలుగు నెలల క్లెయిముతో పోల్చి చూస్తే, త్వరగా చెల్లించడం ఎంత పదునైన ఆయుధమో మీకే అర్థమవుతుంది.

బెజవాడ స్టాకిస్టు

ఆ పోలిక నిజమే మాస్టారూ. పదకొండో రోజున డబ్బు చేతికొస్తుందంటే నేనైనా రెండు శాతం వదులుకుంటాను.

ఉండి చెరువుగట్టు

టెక్సాస్ చెల్లెమ్మా, మీకు శ్రమ కాకపోతే ఒక్క చిన్న పని. మీ ఇంట్లో గడ్డకట్టించిన రొయ్యల సంచి ఉంటే, దాని మీద ఏమేం రాసి ఉందో చదివి ఇక్కడ పెట్టగలరా? మా సరుకు చివరికి ఎలా కనిపిస్తుందో నేను ఎప్పుడూ చూడలేదు.

టెక్సాస్ తెలుగింటి ఆడపడుచు

అన్నయ్యగారూ, ఫ్రీజర్‌లో వెతికితే రెండు సంచులు దొరికాయి; ఒకటి వేసవికి ముందు కొన్నది, అడుగున మరిచిపోయాను, రెండోది పోయిన వారం తెచ్చింది. రెండింటి మీదా ముందువైపు కొట్టు పేరు పెద్ద నీలి అక్షరాల్లో ఉంది. రెండింటి మీదా 26-30 అని ఉంది, నాలుగు నక్షత్రాల గుర్తు ఉంది, వండుకునే పద్ధతి అక్షరం పొల్లు పోకుండా ఒక్కటే. వెనకవైపు అడుగున, తారీఖు పక్కన సన్నటి అక్షరాల్లో ఒక్క చోటే తేడా ఉంది. పాతదాని మీద ఉత్పత్తి భారతదేశం అని ఉంది, కొత్తదాని మీద ఈక్వడార్ అని ఉంది. మీరు అడిగేదాకా నేను గమనించనే లేదు.

ఉండి చెరువుగట్టు

ధన్యవాదాలమ్మా. ధర ఏమైనా మారిందా?

టెక్సాస్ తెలుగింటి ఆడపడుచు

లేదు అన్నయ్యగారూ. రెండింటి మీదా ఒకే ధర చీటీ ఉంది.